ఏడ్చే బిడ్డ, కుదిపే చేతులు



ఏడవనిదే అమ్మైనా పాలివ్వదని మన పెద్దలు చెబుతారు. మాటలు రాని పసికందుకు ఏడుపే భాష. ఆకలైనా ఏడుపే, పక్క తడిసినా ఏడుపే, చీమ కుట్టినా ఏడుపే, ఒక్కోసారి ఏమీ లేకపోయినా ఏడుపే. ఆ ఏడుపు విని తల్లి గుండె కరుగుతుంది. కాని అదే ఏడుపు అర్ధరాత్రి దాటాక కూడా ఆగకపోతే, వరుసగా మూడో రాత్రి కూడా నిద్ర లేకపోతే, ఎంత ఎత్తుకుని తిరిగినా బిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంటే, కరిగిన గుండే రాయి అవుతుంది. అప్పుడు కొన్ని చేతులు బిడ్డను పట్టి "ఇంక ఊరుకుంటావా లేదా!" అని కుదిపివేస్తాయి. ఆ కొద్ది క్షణాలను గురించే ఈ వారం మీతో మాట్లాడదలచాను. పూజా ప్రసంగాల్లో ఈ సంగతి తరచుగా వినిపించదు. అయినా పసిబిడ్డ ప్రాణానికి సంబంధించినది గనుక తల్లులేగాక తండ్రులు, అమ్మమ్మలు, నాయనమ్మలు, తాతలు అందరూ ఓపికతో చదవాలని కోరుతున్నాను.

పుట్టిన బిడ్డ తల, శరీరం పొడవులో సుమారు నాలుగో వంతు ఉంటుంది. మెడ కండరాలు మాత్రం ఆ బరువును నిలపలేవు. అందుకే బిడ్డను ఎత్తుకునేటప్పుడు మెడకింద చెయ్యి పెట్టమని పెద్దవాళ్ళు పదేపదే చెబుతారు. లోపల ఉన్న మెదడు తాటి ముంజలాగా మెత్తనిది. బిడ్డను చంకలకింద గాని, భుజాలు గాని పట్టుకుని గట్టిగా ముందుకూ వెనక్కూ కుదిపితే, తల కొరడాలాగా ఇటూ అటూ విసురుగా ఊగుతుంది. మెదడుకూ దాని పైపొరకూ మధ్యనున్న సన్నని రక్తనాళాలు తెగుతాయి. నెత్తురు చేరుతుంది, మెదడు వాస్తుంది, ఊపిరి తడబడుతుంది. కంటి వెనుక పొరలో కూడా నెత్తురు చిమ్ముతుంది. ఇదంతా జరగడానికి కొద్ది సెకన్లు చాలు. బయటికి మాత్రం చిన్న గీత కూడా కనిపించకపోవచ్చు. ఇలాంటి దెబ్బ తగిలిన బిడ్డల్లో నలుగురిలో ఒకరు చనిపోతారని వైద్యులు చెబుతున్నారు. బ్రతికిన వారిలో ఎక్కువమందికి చూపు పోవడమో, మూర్ఛలో, కాళ్ళుచేతులు స్వాధీనం తప్పడమో, చదువు ఎక్కకపోవడమో జీవితాంతం మిగిలిపోతుంది.

దీనిని వైద్యులు 'షేకెన్ బేబీ సిండ్రోమ్' అని పిలిచారు. 1971లో ఇంగ్లండులోని హల్ నగరంలో పనిచేస్తున్న నార్మన్ గుత్‌కెల్చ్ అనే మెదడు శస్త్రవైద్యుడు, తలపై బయటి దెబ్బ కనిపించకపోయినా లోపల నెత్తురు చేరిన బిడ్డలను గురించి వ్రాస్తూ, కుదపడమే కారణం కావచ్చునని సూచించాడు. కొట్టడం తప్పు గాని కుదపడం తప్పు కాదని అక్కడి తల్లిదండ్రులు అనుకునేవారట. తరువాత అమెరికాలో జాన్ క్యాఫీ అనే వైద్యుడు 1972లోనూ, 1974లోనూ ఇదే విషయాన్ని లోకానికి గట్టిగా చెప్పాడు. కుదపడంతో పాటు తలను దేనికైనా తాకించడం వంటివి కూడా ఉంటాయి గనుక 2009లో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అన్నిటికీ కలిపి 'అబ్యూసివ్ హెడ్ ట్రామా' అన్న పేరు వాడమంది. పేరు ఏదైనా జరిగేది ఒక్కటే. పెద్దవాళ్ళ బలం పసివాళ్ళ మెదడు మీద పడుతుంది.

ఇది చదివి ఉయ్యాల ఊపడానికి కూడా భయపడనక్కరలేదు. జోలపాడుతూ ఉయ్యాల మెల్లగా ఊపడం, ఒడిలో వేసుకుని ఆడించడం, గతుకుల రోడ్డు మీద ఆటోలో వెళ్ళడం వల్ల ఈ ప్రమాదం రాదు. అయితే మన ప్రాంతంలో కొన్ని ఇళ్ళలో నీళ్ళు పోసిన తరువాత బిడ్డను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి ఊపే అలవాటు ఉంది. ముద్దుచేస్తూ గాలిలోకి ఎగరేసి పట్టుకునే మామయ్యలూ ఉన్నారు. వారి మనసులో ప్రేమ ఉన్నా, చెయ్యి జారితే ప్రేమ బిడ్డను పట్టుకోలేదు. వీటిని మానివేయడమే మంచిది. కాళ్ళమీద పడుకోబెట్టుకుని నూనె రాసి, నీళ్ళు పోసి, పొడిబట్టతో తుడవడం వరకు మన అమ్మమ్మల చేతి పని గొప్పదే.

ఇక ఏడుపు సంగతి. చాలామంది తల్లులు "నా పాలు చాలడం లేదేమో, నాకు పెంచడం చేతకాదేమో" అని కుమిలిపోతారు. తండ్రులు "వీడికి మొండితనం" అంటారు. రెండూ నిజం కావు. 1962లో అమెరికాలో బ్రేజల్టన్ అనే శిశువైద్యుడు తల్లుల చేత రోజువారీ లెక్క వ్రాయించి చూస్తే, ఆరు వారాల వయసులో ఆరోగ్యంగా ఉన్న బిడ్డలే రోజుకు సుమారు 2 గంటల 45 నిమిషాలు ఏడుస్తున్నట్లు తేలింది. రెండో వారం నుండి ఏడుపు పెరుగుతుంది, రెండో నెలలో శిఖరానికి చేరుతుంది, నాలుగైదు నెలలు వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. సాయంకాలం, రాత్రివేళ ఎక్కువ. కారణం కనిపించదు. ఎత్తుకున్నా ఆగకపోవచ్చు. ఆఫ్రికాలోని బొట్స్వానాలో కుంగ్ సాన్ అనే తెగ తల్లులు బిడ్డను ఒంటినుండి దించకుండా మోస్తారు, అడిగినప్పుడల్లా పాలిస్తారు. అక్కడి బిడ్డలు తక్కువసేపు ఏడ్చినా, ఏడుపు పెరిగి తగ్గే తీరు మాత్రం అదేనని 1991లో కెనడా వైద్యుడు రోనాల్డ్ బార్, ఆయన తోటివారు ప్రకటించారు. కనుక అమ్మా, ఆ ఏడుపు నీ తప్పు కాదు. నాయనా, ఆ ఏడుపు నీమీద తిరుగుబాటు కాదు. అది గోదారి వరదలాగా వస్తుంది, పోతుంది. వరద తీసేవరకు గట్టు నిలబడాలి. అంతే.

మన మొగల్తూరు చుట్టుపక్కల కుటుంబాలను తలచుకోండి. పుట్టింట పురుడు పోసుకున్న కూతురికి మొదటి నెలల్లో తల్లి, పిన్ని, ఇరుగుపొరుగు అమ్మలక్కలు తోడుంటారు. ఇది మన ఆచారంలోని గొప్ప దీవెన. ఏడుపు శిఖరంలో ఉన్న రెండో నెలలో నాలుగు చేతులు ఉంటాయి. కాని అందరికీ ఆ భాగ్యం లేదు. కొందరి తల్లులు కువైట్‌లో ఇతరుల పిల్లలను పెంచుతూ ఉంటారు. వారి కన్నబిడ్డలను ఇక్కడ మోకాళ్ళ నొప్పులున్న నాయనమ్మ పెంచుతూ ఉంటుంది. కొన్ని ఇళ్ళలో లేసు అల్లికల పని గడువులోగా ఇవ్వాలని తల్లి కూర్చుంటే, పదేళ్ళ అక్క చంకన చెల్లెలు ఉంటుంది. రొయ్యల చెరువు మీద రాత్రంతా కాపలా కాసి వచ్చిన తండ్రికి పగటి నిద్ర కావాలి, అదే సమయంలో బిడ్డ ఏడుపు అందుకుంటుంది. ఇక ఇంటికి తాగి వచ్చే తండ్రి సంగతి చెప్పనే అక్కరలేదు. ఈ పని చేసేవారు రాక్షసులని అనుకుంటే పొరపాటు. అలసిన మనుషులు, ఒంటరి మనుషులు, నిద్రలేని మనుషులు. వేరే దేశాల్లో వైద్యులు గమనించిన కేసుల్లో బిడ్డను కుదిపినవారు ఎక్కువగా మగవారే, తరచుగా కన్న తండ్రే. గనుక ఈ మాటలు ఆడవారికే అనుకుని పేపరు మడిచి పెట్టవద్దు.

కోపం గురించి తత్వవేత్తలు చాలా ఆలోచించారు. అరిస్టాటిల్ కోపాన్ని తొందరపాటు నౌకరుతో పోల్చాడు. యజమాని మాట పూర్తికాకముందే పరుగెత్తి, చెప్పింది ఒకటైతే చేసేది ఇంకొకటి చేసి వస్తాడు ఆ నౌకరు. పునీత తోమాసు అక్వినాసువారు కోపం దానంతటది పాపం కాదనీ, అది బుద్ధి చెప్పిన హద్దులో ఉంటే మేలు కూడా చేయగలదనీ బోధించారు. మరి హద్దు దాటితే? కోపం తలకెక్కిన క్షణంలో బుద్ధి మాట వినిపించదు. అప్పుడు మంచి నిర్ణయం చేద్దామంటే సాధ్యం కాదు. అందుకే నిర్ణయం ముందే చేసుకోవాలి. లాకుల తలుపులు బాగుచేసేది వేసవిలో కాలువలు కట్టినప్పుడు గాని, వరద వచ్చిన రాత్రి కాదు గదా! "ఎంత ఏడ్చినా సరే, బిడ్డను కుదపను, కొట్టను, విసరను. నావల్ల కానప్పుడు కిందపెట్టి పక్కకు వెళతాను" అని మనసు ప్రశాంతంగా ఉన్న ఈ రోజే నిర్ణయించుకోవాలి. భార్యాభర్తలు ఒకరికొకరు చెప్పుకోవాలి. సూర్యుడు అస్తమించేలోగా కోపాన్ని విడిచిపెట్టమని పునీత పౌలుగారు ఎఫెసు సంఘానికి బోధించారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అంత గడువు కూడా లేదు.

"బిడ్డను ఏడుస్తుండగా వదిలి వెళ్ళడం పాపం కాదా ఫాదర్?" అని మీరు అడగవచ్చు. రాజుల మొదటి గ్రంథం మూడో అధ్యాయం తెరవండి. ఒక్క బిడ్డ కోసం ఇద్దరు స్త్రీలు సొలోమోను రాజు ముందు పోట్లాడారు. రాజు కత్తి తెప్పించాడు. బిడ్డ దక్కకపోయినా ఫరవాలేదు, ప్రాణం దక్కితే చాలునని చేతులు వదులుకున్నది ఎవరు? నిజమైన తల్లి. ఆమె వదిలింది గనుకనే తల్లి అని తేలింది. చేతిలో కోపం పొంగుతున్నప్పుడు బిడ్డను నెమ్మదిగా కిందపెట్టి పది నిమిషాలు వదిలిన తల్లి, తండ్రి, నాయనమ్మ కూడా ఆ కోవకు చెందినవారే. ఏడవడం వల్ల బిడ్డ చనిపోదు. కుదపడం వల్ల చనిపోతుంది.

కనుక ఇలా చేయండి. ముందు కారణం వెతకండి: ఆకలా, తడిసిన గుడ్డా, ఉక్కపోతా, జ్వరమా, బట్టల్లో చీమా, వేలికి చుట్టుకున్న దారమా? పాలు పట్టి, భుజాన వేసుకుని వీపు నిమరండి. ఇటూ అటూ నడవండి. పాట పాడండి. ఇవేవీ పనిచేయకపోతే, మీ పళ్ళు బిగుస్తున్నట్లు, చేతులు వణుకుతున్నట్లు అనిపిస్తే, బిడ్డను ఉయ్యాలలోనో, నేలమీద చాపమీదో వెల్లకిలా పడుకోబెట్టండి. మంచం అంచున వద్దు. అరుగు మీదికి వచ్చి మొహం కడుక్కోండి, మంచినీళ్ళు తాగండి, జపమాలలో ఒక పదిపూసలు చెప్పుకోండి. ఐదు పది నిమిషాలకు ఒకసారి వెళ్ళి బిడ్డను చూసి రండి. "పిన్నిగారూ, కాసేపు బిడ్డనెత్తుకోండి, నా ఒళ్ళు నా చేతిలో లేదు" అని పక్కింటావిడను పిలవడానికి సిగ్గుపడకండి. ఆ పిలుపు విన్న పిన్నిగారు కూడా "ఏం పిల్లవమ్మా, ఒక్క బిడ్డను చూసుకోలేవా" అని ఎత్తిపొడవకుండా చేతులు చాచాలి. బిడ్డ నిద్రపోవాలని బ్రాందీ చుక్కలు, పెద్దల నిద్రమందులు ఎన్నడూ పట్టవద్దు. ఫిట్స్ వచ్చిన బిడ్డను లేపాలని కుదపడం కూడా అంతే ప్రమాదం. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

ఇప్పుడు గుర్తుపట్టే లక్షణాలు. బిడ్డ ఉన్నట్టుండి మత్తుగా పడివుండడం, లేపినా సరిగా లేవకపోవడం, పాలు చీకలేకపోవడం, జ్వరం విరేచనాలు లేకుండానే మళ్ళీమళ్ళీ వాంతులు, ఒళ్ళు తోటకూర కాడలా వాలిపోవడం లేదా కర్రలా బిగుసుకుపోవడం, ఫిట్స్, ఊపిరి ఆగి ఆగి రావడం, పాలిపోవడమో నీలంగా మారడమో, మాడు ఉబ్బెత్తుగా గట్టిపడడం, చూపు నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా గంటలు కాదు, నిమిషాలు లెక్క. ఇంకొక గుర్తు కూడా ఉంది. ఇంకా పాకడం, పట్టుకుని నడవడం రాని బిడ్డ ఒంటిమీద కమిలిన మచ్చలు ఉండకూడదు. ఉంటే, ముఖ్యంగా చెవిమీద, మెడమీద, పొట్టమీద ఉంటే, డాక్టరుకు చూపించాలి. దెబ్బ తేలికగా తగిలిన బిడ్డ చిరాకుగా ఉండి, సరిగా పాలు తాగక, వాంతి చేసుకుంటుంటే అది అజీర్తి అనుకుని సరిపెట్టుకునే ప్రమాదం కూడా ఉంది.

అలాంటి సమయంలో పక్షిదోషమని పసరు పోయించడం, దిష్టి తీయించడం, తాయెత్తు కట్టించడం చేయకండి. ఇంకొక మాట కూడా చెబుతున్నాను, అపార్థం చేసుకోకండి: అలాంటి బిడ్డను ప్రార్థన కోసం ముందుగా గుడికి కూడా తీసుకురావద్దు. 108కి ఫోను చేసి నరసాపురమో, భీమవరమో, ఎక్కడ త్వరగా అందితే అక్కడి ఆస్పత్రికి పరుగెత్తండి. ఫాదరు వెనకాల వస్తాడు. జ్ఞానస్నానం పొందని బిడ్డ ప్రాణాపాయంలో ఉంటే, ఆ బిడ్డ తలపై నీళ్ళు పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చునని శ్రీసభ నియమం. అంబులెన్సులో కూడా ఇవ్వవచ్చు. దానికోసం ప్రయాణం ఆగనక్కరలేదు.

ఆస్పత్రిలో డాక్టరుగారు "ఏమైంది?" అని అడుగుతారు. ఇక్కడే చాలామంది నోరు మెదపరు, లేదా మంచం మీదనుండి పడిందంటారు. బయట గాయం లేదు గనుక డాక్టరుకు నిజం తెలిస్తేనే తల స్కానింగ్, కంటి పరీక్ష వెంటనే చేయించగలరు. అబద్ధం చెప్పిన ప్రతి గంటా బిడ్డ మెదడు ఖరీదు. "పోలీసులు వస్తారేమో, ఇంటి పరువు పోతుందేమో" అన్న భయం నాకు అర్థమవుతుంది. తన సంరక్షణలో ఉన్న బిడ్డను హింసించడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం శిక్షించదగిన నేరమే. కాని బిడ్డ ప్రాణం కంటె మన పరువు పెద్దది కాదు. పాపసంకీర్తనంలో చెప్పుకున్న పాపాన్ని గురువు ఎవరికీ చెప్పడు. పశ్చాత్తాపం ఉంటే దేవుని క్షమాపణ తప్పక లభిస్తుంది. అయితే గురువు పాపవిమోచనం ఇవ్వగలడు గాని బిడ్డ తలలోని నెత్తురును ఆపలేడు. డాక్టరుకు చెప్పవలసింది డాక్టరుకే చెప్పాలి, అప్పుడే చెప్పాలి.

ఊరివారికి కూడా ఒక మాట. తలలో నెత్తురు కనిపించిన ప్రతి బిడ్డనూ ఎవరో కుదిపారని తీర్పు చెప్పవద్దు. విటమిన్ కె లోపం, నెత్తురు గడ్డకట్టని జబ్బులు, పురిటి సమయంలో తగిలిన ఒత్తిడి, నిజంగానే జరిగిన ప్రమాదం, ఇలా వేరే కారణాలు కూడా ఉంటాయి. మొదట ఈ సంగతి వ్రాసిన గుత్‌కెల్చ్‌గారే తన వృద్ధాప్యంలో, తొందరపడి తల్లిదండ్రులను దోషులుగా ముద్రవేస్తున్నారని బాధపడ్డాడు. తేల్చవలసింది వైద్యులు, న్యాయస్థానం. రచ్చబండ కాదు. అయితే ఒక బిడ్డ పదేపదే దెబ్బలు తింటున్నట్లు మీ కళ్ళకు కనిపిస్తే, మనకెందుకులే అని ఊరుకోవడం కూడా పాపమే. పిల్లల సహాయ నంబరు 1098 అందుకే ఉంది.

ఇక మన విచారణలో ఏం చేయగలం? 1998 చివరిలో న్యూయార్క్ రాష్ట్రపు పశ్చిమ జిల్లాల్లో, కాన్పు అయిన ఆస్పత్రిలోనే తల్లినీ తండ్రినీ కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పి, విన్నామని సంతకం చేయించుకున్నారు. ఐదున్నర ఏళ్ళలో అక్కడ ఇలాంటి గాయాలు 47 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. తరువాత పెన్సిల్వేనియా రాష్ట్రమంతటా అదే పద్ధతి పెట్టి చూస్తే, ఆస్పత్రి పాలైన బిడ్డల సంఖ్య తగ్గలేదని 2017లో తేలింది. నాకు దీనిలో కనిపించే పాఠం ఇది: చెప్పడం అవసరమే, కాని చెప్పి వదిలేస్తే చాలదు. పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ మనిషి మనకు ఉన్నారు. జ్ఞాన తల్లిదండ్రులు కొవ్వొత్తి పట్టుకుని ఫొటో దిగడానికి మాత్రమే కాదు. జ్ఞానబిడ్డ రెండో నెలలో ఉన్నప్పుడు వారానికి రెండు సాయంకాలాలు వెళ్ళి "ఒక గంట మేము ఎత్తుకుంటాం, నువ్వు పడుకో అమ్మా" అనండి. అదే అసలైన బహుమానం. మరియదళ సభ్యులు బాలింత ఇంటికి వెళ్ళినప్పుడు జపమాల చెప్పి రావడంతో పాటు బాలింత ఎన్ని గంటలు నిద్రపోయిందో అడగండి. జ్ఞానస్నానానికి ముందు జరిగే బోధనకు తండ్రి కూడా తప్పక రావాలి, ఈ విషయం వినాలి. మన ఆశా కార్యకర్త ఆస్పత్రి కాన్పు అయిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో చూడడానికి వస్తుంది. ఆమెను గుమ్మంలోనుండి పంపివేయకండి. "రాత్రుళ్ళు నావల్ల కావడం లేదు" అని ఆమెతో చెప్పండి. కాన్పు తరువాత వారాల తరబడి ఏడుపు, దిగులు, బిడ్డమీద విసుగు వదలకపోతే అది బలహీనత కాదు, జబ్బు. దానికి వైద్యం ఉంది. టెలిమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

తండ్రులారా, పునీత జోజప్పగారిని తలచుకోండి. పసిబిడ్డను, తల్లిని తీసుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకు బయలుదేరాడు. ఆ దారిలో బాలయేసు ఏడ్చాడని సువిశేషం చెప్పలేదు. కాని ఆయన నిజంగా మానవుడైన బిడ్డ గనుక ఏడ్చే ఉంటాడు. వెనుక హేరోదు కత్తి, ముందు ఎడారి, చంకలో ఏడ్చే బిడ్డ. అయినా ఆ వడ్రంగి గరుకు చేతుల్లో లోకరక్షకుడు భద్రంగా ఉన్నాడు. మోటు పనిచేసే చేతులు మెత్తగా పట్టుకోలేవని ఎవరన్నారు?

మన పేరుపాలెం తీరాన వేళాంకణ్ణి మాత చేతిలో బాలయేసు ఉన్నాడు. ఈసారి ఆ గుడికి వెళ్ళినప్పుడు మొక్కులతో పాటు ఈ చిన్న ప్రార్థన కూడా చేయండి: "తల్లీ, మా ఇంటి బిడ్డ ఏడ్చే రాత్రి మా చేతులను నీ చేతులుగా చేయి. మావల్ల కానప్పుడు బిడ్డను కిందపెట్టే వివేకం, సహాయం అడిగే వినయం, పొరుగింటి ఏడుపు వినపడితే లేచి వెళ్ళే ప్రేమ మాకు ఇప్పించు."

హోషేయ ప్రవక్త దేవుణ్ణి, బిడ్డను చేతుల్లోకి ఎత్తుకుని నడక నేర్పే తండ్రితో పోల్చాడు. ఆ తండ్రి మన ఏడుపులు ఎన్ని వింటున్నాడు! ఒక్కసారైనా మనలను విసిరివేయలేదు. ఆయన ఓపిక మీ ఇంటిలో, మీ చేతుల్లో నిలిచి ఉండునుగాక. ఆమెన్.